ఎర్ర నైలాన్ పలుపు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఇంకెక్కడో విని వచ్చి నన్ను నిలదీయొద్దు. ఆ తాడు కట్టింది నేనే. మా గల్లీలో నాగులమ్మ గురించి గొప్పగా చెప్పేవాళ్ళంతా ఈ ముక్క దగ్గరికి రాగానే గొంతు తగ్గించి, నా కొట్టువైపు ఓ చూపు చూసి, "ఎవరో కట్టిండ్రులే" అని దాటేస్తారు. రేపు చక్కెరకో సబ్బుకో మళ్ళీ నా ముందే నిలబడాలి కదా, ఆ మొహమాటం. నాకు ఆ మొహమాటం అక్కర్లేదు.

మాది షాద్‌నగర్. స్టేషన్ వెనక గల్లీలో కిరాణా కొట్టు. నా పేరు దశరథ్, కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ సేటునే. ఉప్పూ పప్పుతో పాటు తాళ్ళు, మేకులు, బకెట్లు కూడా అమ్ముతాను. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ సుమన అంటుంది. ఉంది. లేదని ఎవరన్నారు?

ఆ కోపంలో సగం చాలా ఏళ్ళపాటు నాగులమ్మే పట్టుకుపోయింది. ఆమె సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. యాభై దాటి ఉంటాయి, ఆదివారాలు చర్చికి పోతుంది. పొట్టి మనిషి, నడక మాత్రం చూడాలి, ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు ఉంటుంది. బడిలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన కుడితి ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పోసుకుని గల్లీ అంతా తిరిగేది. కాలు విరిగిన కుక్క, ఇటుకబట్టీ వాళ్ళు వదిలేసిన గాడిద, పాలు ఎండిపోయాయని తరిమేసిన బర్రె, అన్నింటికీ ఆ బకెట్టే. తిన్న కుక్కలు పోయి ఎక్కడ పడుకోవాలి? నా కొట్టు మెట్ల మీద.

"నాగులమ్మా! నీ కుక్కలను నీ ఇంట్ల కట్టేస్కో!" అని అరిచేవాణ్ణి.

"నా కుక్కలు గావు సేటూ, గల్లీ కుక్కలు. నీకు గూడ అండ్ల వాటా ఉన్నది," అనేది. నవ్వేది కూడా కాదు. బకెట్ తీసుకుని వెళ్ళిపోయేది.

ఈమెకు ఈ పిచ్చి ఎక్కడిదో నాకు ఒక వానరోజు తెలిసింది. గొడుగు లేక నా కొట్టు పంచన నిలబడింది, తోచక నేనే అడిగాను. వాళ్ళ నాయన పెద్దులు కొందుర్గు దిక్కు ఒక పల్లెలో చచ్చిన పశువుల తోలు తీసేవాడట. చిన్నప్పుడు ఈమె కత్తులు మోసుకుంటూ వెంట పోయేదట.

"తోలు మీది దిక్కు ఏం కనవడది సేటూ, బొచ్చు కప్పుతది. తిప్పి పరిస్తె అన్నీ కనవడ్తయి. ములుగర్ర యాడ గుచ్చిండ్రో, పలుపు యాడ కోసుకపోయిందో. మా బాపు ఏలు పెట్టి సూపెట్టేటోడు. 'బిడ్డా, గిది ఫలానా పటేల్ కొట్టిన దెబ్బ' అనేటోడు. పటేల్ ముందట మాత్రం ఏమనకపోయేటోడు."

వాన వెలిసింది, ఆమె వెళ్ళిపోయింది. నేను ఆ మాట మర్చిపోయాను. చచ్చిన వాటి కథ నాకెందుకు అనుకున్నాను.

ఇక నా సంగతి. 2016 వానాకాలంలో మా ఒక్కగానొక్క పిల్ల శ్రీదేవికి డెంగీ వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది అప్పుడు. హైదరాబాద్ దవాఖానలో వేశాం. ప్లేట్‌లెట్లు పొద్దున ఒక లెక్క, సాయంత్రానికి అందులో సగం. డాక్టర్లు మాట్లాడటం తగ్గించేశారు. డాక్టర్లు మాట్లాడటం తగ్గిస్తే తండ్రికి ఏం అర్థమవుతుందో అది నాకు అర్థమైంది. దవాఖాన మెట్ల మీద కూర్చుని మా గల్లీ శివుడికి మొక్కుకున్నాను. పిల్ల ఇల్లు చేరితే నీ పేరు మీద కోడెను విడుస్తాను సామీ అని.

పిల్ల ఇల్లు చేరింది. కార్తీకం రెండో సోమవారం నాడు ఏడాది వయసున్న తెల్ల కోడెదూడను కొని, పసుపు కుంకుమ పెట్టి, మెడకు ఇత్తడి గంట కట్టి విడిచాను. గుడి కమిటీ పెద్ద ఐలేశం తాత పక్కనుండి జరిపించాడు. "మూడు ముళ్ళు గట్టిగ ఎయ్యి. ఇగ నీ చేతితోని ఇప్పొద్దు. ముడి ఇప్పితే మొక్కు ఇప్పినట్టే," అన్నాడు. నా కొట్టులో ఉన్న తాళ్ళలో అన్నిటికన్నా గట్టిది, ఎర్ర నైలాన్‌ది తెచ్చి కట్టాను. జనుము తాడు చేతికి తగిలింది కూడా. నా బిడ్డ మొక్కుకు కుళ్ళిపోయే తాడు కడతానా అని దాన్ని పక్కన పడేశాను.

దేవుడి కోడెను ఎవరూ కట్టరు, ఎవరూ కొట్టరు. గంట మోగించుకుంటూ గల్లీలన్నీ తిరిగేది. నాగులమ్మ దానికి గంటోడు అని పేరు పెట్టింది. గంట వినిపిస్తే నాకు కడుపు నిండినట్టుండేది. నా పిల్ల బతికుందని ఊరంతా చాటింపు వేస్తున్నట్టు అనుకునేవాణ్ణి. పిల్ల పది పాసై మహబూబ్‌నగర్ హాస్టల్‌కు వెళ్ళింది, ఇంటర్‌లో చేరింది.

కోడె కూడా పెరిగింది. మెడ పెరిగింది. తాడు పెరగలేదు.

నేను చూడలేదా? చూశాను. చూడనట్టున్నాను. అప్పటికే గంట మోగడం మానేసింది, వాచిన మాంసంలో ఇరుక్కుపోయింది. సోమవారాల్లో ఆడవాళ్ళు వచ్చి దాని మెడకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, అరటిపండు నోటికి అందించేవాళ్ళు. ఆ పసుపు కింద పుండు ఉందని ఎవరికీ కనబడేది కాదు. వాసన వస్తే చెత్తకుప్ప వాసన అనుకునేవాళ్ళం.

2018 ఆగస్టులో ఒక పొద్దున నాగులమ్మ వచ్చి నా కొట్టు ముందు బకెట్ దించింది.

"సేటూ, గంటోని మెడల పురుగులు పడ్డయి. నీ తాడు కోసుకుంట లోపలికి పోయింది. జర ఇప్పు."

"దేవుని ముడి అది. నేను ఇప్పొద్దు," అన్నాను.

"మరి నన్ను కొయ్యమంటవా?"

"చెయ్యి పెట్టినవంటే చూడు! నా పిల్ల పేరు మీద కట్టిన!"

ఆమె వెళ్ళిపోయింది. మరునాడు ఏడున్నరకు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడు కూడా. రోజూ అదే వేళకు, బడికి పోయే ముందు, అదే చోట బకెట్ దించి అదే మాట. "సేటూ, తాడు." ఎక్కువ మాట్లాడేది కాదు. గిరాకీ ముందు నా పరువు పోతోందని నాకు ఒళ్ళు మండిపోయేది. సాయంత్రాలు ఆమె సీతాఫలం ఆకు నూరి, పొడుగు కర్రకు బట్ట చుట్టి, దూరం నుంచే ఆ ముద్దను కోడె మెడకు అద్దుతుండేది. పురుగులు రాలడానికి మా దిక్కు అందరికీ తెలిసిన మందే అది. కానీ తాడు లోపల ఉండగా మందేం చేస్తుంది?

ఆరో రోజో ఏడో రోజో నేను నోరు జారాను. ఏం దాచను, ఉన్నదున్నట్టు చెబుతాను. "నీకు మా దేవుని ముచ్చటెందుకే? పోయి మీ చర్చిల చెప్పుకో!" అన్నాను. కొట్టు ముందు నలుగురున్నారు.

నాగులమ్మ నా మొహంలోకి చూసింది.

"ఆదివారం చెప్పిన సేటూ. ఆయన గూడ నీ దగ్గరికే పొమ్మన్నడు," అంది.

ఆ నలుగురూ నవ్వారు. నేను షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాను. సిగ్గేసింది, ఆ సిగ్గు మీద ఇంకా కోపం వచ్చింది.

ఆమె ఆగలేదు. పశువుల డాక్టర్ కోమల మేడంను గల్లీకి పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి కోడె చుట్టూ తిరిగి చూసి తల పట్టుకుంది. "తాడు గొంతుదాకా దిగింది. ఇప్పటికే మేత సరిగ్గ మింగుతలేదు. ఇంకో వారం, మహా అయితే పది రోజులు," అంది. మత్తిచ్చి, కోసి, కుట్లు వేయడానికి తాను సిద్ధమే. కానీ చుట్టూ జనం గొడవ చేస్తే పశువు బెదిరి ఎవరినైనా పొడుస్తుంది, ముందు వీళ్ళను ఒప్పించమంది. గల్లీవాళ్ళు ఐలేశం తాతవైపు చూశారు. తాత నావైపు చూశాడు. "మొక్కు సేటుది. ఆయన సరే అంటెనే," అన్నాడు.

నేను సరే అనలేదు. సుమన ఏడ్చింది. "పిల్లకేమన్న అయితే? దవాఖానల పడ్డ రోజులు మర్సినవా?" అంది. నేను మర్చిపోలేదు, అదే కదా నా బాధ. పిల్ల చెయ్యి పట్టుకుంటే సూదులు పొడిచిన చోటల్లా నల్లగా కమిలి ఉండేది. ఆ ముడి విప్పితే మళ్ళీ ఆ మంచం దగ్గరికే పోతామని నా గుండెలో రాసి పెట్టినట్టుండేది. కోడె చచ్చిపోతుందని తెలుసు. నా పిల్ల కన్నా కోడె ఎక్కువా అనుకున్నాను. తండ్రి అన్నవాడు ఇంకేం అనుకుంటాడు?

రెండు రోజులు నాగులమ్మ రాలేదు. పీడ వదిలింది అనుకున్నాను గానీ ఏడున్నరకు నా కళ్ళు గల్లీ చివరికే పోయేవి. మూడో రోజు వచ్చింది. బకెట్ లేదు, పక్కన ఐలేశం తాత ఉన్నాడు. డెబ్బై ఐదేళ్ళ మనిషిని గుడి దగ్గర్నుంచి నడిపించుకొచ్చింది.

"చెప్పు తాతా, నాకు చెప్పింది సేటుకు గూడ చెప్పు," అంది.

తాత నా కొట్టు బెంచీ మీద కూర్చుని, కాసేపు ఆయాసపడి, నేల చూస్తూ చెప్పాడు. "ఈమె రెండు దినాల సంది ఒకటే అడుగుడు. మా నాయిన కాలంల ఏం తాడు కట్టేటోళ్ళని. జనుము తాడు కట్టేటోళ్ళు సేటూ. వానకు నాని ఎండకు ఎండి, ఏడాది తిరిగెటాళ్ళకు చివికి యాడనో పడిపోయేది. తాడు పడ్డదని తెలిస్తె కొబ్బరికాయ కొట్టేటోళ్ళు, దేవుడు మొక్కు అందుకున్నడని. చేతితోని ఇప్పొద్దు అన్నది అందుకు. నీకు అంతవరకే చెప్పిన, మిగిలింది చెప్పుడు మర్సిన. నువ్వు నైలాన్ కట్టినప్పుడు గూడ నాకు తట్టలే. తప్పు నాది గూడ ఉన్నది."

ఆ రోజు పక్కన పడేసిన జనుము తాడు కళ్ళముందు కనబడింది.

"అంటే సేటూ, నీ మొక్కు ఇంక తీరలే. రెండేండ్ల సంది నువ్వే తీరనిస్తలేవు," అంది నాగులమ్మ.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె నా కొట్టు గడప కూడా తొక్కలేదు. అలాంటిది లోపలికి వచ్చి, మణికట్టు పట్టుకుని, రోడ్డు మీదికి లాక్కుపోయింది. కోడె నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి ఉంది. నోటినుంచి చొంగ కారుతోంది. ముందున్న అరటిపండు అలాగే ఉంది. ఆమె నా వేళ్ళను దాని గంగడోలు కింద, పసుపు మెత్తిన చోట పెట్టి నొక్కింది. తాడు దొరకలేదు. మెత్తటి మాంసం, లోపల ఎక్కడో గట్టిగా ఒక ముడి. నేను వేసిందే. కోడె కదల్లేదు, ఒళ్ళంతా వణికింది అంతే.

"గిది సచ్చినంక తోలు తిప్పి పరిస్తే మా బాపు ఏలు పెట్టి ఎవరి పేరు చెప్పేటోడో తెలుసా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. నడి రోడ్డు మీద, గల్లీ అంతా చూస్తుండగా, దశరథ్ సేటు ఏడ్చాడు. అదీ చెప్పుకోవాలి కదా, చెబుతున్నాను.

సుమన పరుగెత్తుకొచ్చింది. "మాకు భయమైతుంది నాగులమ్మా," అంది.

"నాకు ఇద్దరు పుట్టిండ్రు సుమనమ్మా. ఒక్కడే మిగిలిండు. భయమంటే తెల్వక మాట్లాడ్తలేను," అంది నాగులమ్మ. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఎన్నేళ్ళుగా ఒకే గల్లీలో ఉంటున్నాం!

"సరే, నువ్వే కొయ్యి," అన్నాను నేను.

"నేను కొయ్య. రేపు పిల్లకు తల నొచ్చినా నాగులమ్మ కోసిందనే అంటరు, నీకు గూడ గదే అనిపిస్తది. కట్టిన చెయ్యే కొయ్యాలె."

మరుసటి రోజు పొద్దున్నే కోమల మేడం వచ్చింది. ఐలేశం తాత కర్ర పట్టుకుని గల్లీ మొదట్లో కూర్చుని ఒక్కణ్ణి కూడా లోపలికి రానివ్వలేదు. మత్తు ఇంజెక్షన్‌కు కోడె మోకాళ్ళ మీద ఒరిగి పడుకుంది. నాగులమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కళ్ళ మీద తడిబట్ట కప్పింది. మేడం పుండు కడిగి, మాంసం పక్కకు తీసి, "ఇక్కడ, నిదానంగ," అని చూపించింది. నా కొట్టులోదే కటింగ్ ప్లేయర్. శివ శివా అనుకుంటూ నొక్కాను. తెగలేదు. ఇరవై ఏళ్ళయినా చెక్కు చెదరదు అని చెప్పి అమ్మే తాడది. మూడోసారి తెగింది. లాగుతుంటే చీము, నెత్తురు, దాని వెనక తాడు, గంట. కడిగితే తాడు ఎర్రగా మెరుస్తోంది, నిన్న కొట్టులోంచి తీసినట్టే ఉంది.

కోడె ఒక్కసారి పొట్ట నిండా గాలి పీల్చింది. అంత పెద్ద ఊపిరి అది ఎన్ని నెలలకు తీసుకుందో.

నేను చేతులు కూడా కడుక్కోకుండా హాస్టల్‌కు ఫోన్ చేశాను. వార్డెన్ మేడం పిల్లను పిలిచింది. "తిన్నవా బిడ్డా?" "తిన్న నాయినా." పెట్టేశాను. పది నిమిషాలకు మళ్ళీ చేశాను. "జరమేమన్న ఉన్నదా?" "లేదు." ఇంకో పది నిమిషాలు. ఈసారి వార్డెన్ విసుక్కుంది, పిల్ల కూడా విసుక్కుంది. "ఏమైంది నాయినా? సక్కగ చెప్పు," అంది.

చెప్పాను. మొదటినుంచీ అంతా చెప్పాను. మొక్కు అని తెలుసు గానీ తాడు సంగతి దానికి తెలియదు.

"రెండేండ్లు గట్లనే ఉన్నదా? నా పేరు మీద?" అంది. "నాయినా, నన్నొకసారి అడగాల్సింది గదా."

తప్పైందన్నాను. పిల్లతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

కోడె బతికింది. నెల రోజులు నాగులమ్మ సీతాఫలం ఆకు, మేడం ఇచ్చిన మందు మార్చి మార్చి పెట్టింది. మేత మొదట్లో కుడితిలో నానబెట్టి తినిపించింది. దసరా సెలవులకు శ్రీదేవి స్టేషన్‌లో దిగి, ఇంటికి రాకుండా బ్యాగుతో సహా నేరుగా ట్యాంకు దగ్గరికి పోయింది. పిల్లకు ఏమీ కాలేదు. జలుబు చేసింది ఒకసారి. సుమన నావైపు చూసింది, నేను సుమనవైపు చూశాను, ఇద్దరం నోరు మూసుకున్నాం. ఇప్పుడు పిల్ల నర్సింగ్ పూర్తి చేసింది, జడ్చర్లలో ఉద్యోగం.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. మొన్న కార్తీకంలో ఒక మనిషి కొట్టుకు వచ్చాడు. మనవడి మొక్కు, కోడెను విడుస్తున్నాం, గట్టి నైలాన్ తాడు రెండు మీటర్లు ఇయ్యి సేటూ అన్నాడు. నేను జనుము తాడు తీసి ముందు పెట్టాను.

"గిది కుళ్ళిపోతది గద?"

"కుళ్ళాలె. కుళ్ళి పడిపోవాలె. గప్పుడే మొక్కు తీరినట్టు," అన్నాను. గంటోడి మెడ చుట్టూ బొచ్చు మొలవని చార చూపిస్తా రమ్మన్నాను. నా మాట వినలేదు. సేటుకు మతి చెడింది అనుకున్నాడేమో, ఎదురుగా ఇంకో కొట్టుకు పోయి నైలాన్ కొనుక్కుని బస్సెక్కాడు. నాకు కోపం నషాళానికి అంటింది. ఆ కొట్టువాడితో అక్కడే జగడం పెట్టుకున్నాను.

నాగులమ్మ కుక్కలకు అన్నం పెడుతూ మెట్ల మీద కూర్చుని అంతా వింది. ఈమధ్య ఆమెకు మోకాళ్ళు నొస్తున్నాయి. బకెట్ కడిగి బోర్లించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఏ ఊరన్నడు సేటూ?"

"కేశంపేట దిక్కట," అన్నాను.

"గా జనుము తాడు పట్టుకో. పోదాం."

పట్టపగలు, గిరాకీ వేళ. నేను షట్టర్ దించి తాళం వేశాను. "నడువక్కా," అన్నాను.